సరోజ వయసు కోసం కాటారం దాకా

జనాభా లెక్కలవాళ్లకి కూడా అవార్డులుంటాయని చెబితే మా వదిన పగలబడి నవ్వింది. "ఎవరికిస్తారే, ఎక్కువ కన్నవాళ్లకా, అసలు కననివాళ్లకా?" అంది. నవ్వితే నవ్వనీ. మా లోకంలో ఆ అవార్డు కోసం తిండీ నిద్రా మానుకున్నవాళ్లు నాకు తెలుసు. దేశం నలుమూలల నుంచీ కుర్రకారు పరిశోధకులు పేపర్లు పంపిస్తారు. అందులో ముగ్గుర్ని హైదరాబాదు పిలిచి మాట్లాడిస్తాం, ఒకరికి ఇస్తాం. శాలువా, జ్ఞాపిక ఫొటోకి. అసలు ఆశ దాంతోపాటు వచ్చే రెండేళ్ల ఫెలోషిప్ మీద. అది దొరికితే కాంట్రాక్టు పాఠాలు మానేసి తిన్నగా పరిశోధన చేసుకోవచ్చు.

ఆ ఏడాది న్యాయనిర్ణేతల్లో నేనొకదాన్ని. వచ్చినవాటిలో సరోజ రాసిన పేపరు ముందు మిగతావి దిగదుడుపే. చనిపోయిన పిల్లల సంగతి తండాల్లో తల్లులు సర్వేవాళ్లకి ఎందుకు చెప్పరు, చెప్పించాలంటే ఎలా అడగాలి, ఇదీ విషయం. చిక్కల్లా వయసు దగ్గరొచ్చింది. ముప్పై అయిదు దాటకూడదని మా నిబంధన. సర్టిఫికెట్ ప్రకారం ఆ అమ్మాయికి దాటిపోయింది. "మా తండాల బడి సారే అందరికీ అందాజుగ తారీకులు ఏసిండు. బడిల చేర్చుకోనీకి నాకు వయసు పెంచి రాసిండు" అని విన్నవించుకుంది. మా కమిటీ తర్జనభర్జన పడి, నిర్ణేతల్లో ఒకరు వెళ్లి, ఇంటివాళ్లని పద్ధతి ప్రకారం విచారించి రాసిస్తే మినహాయింపు ఇద్దామంది. మిగతా ఇద్దరు నిర్ణేతలకీ వెంటనే బీపీ గుర్తొచ్చింది. నా మోకాళ్లూ అంతంతమాత్రమే, కానీ ఆ పేపరు చదివాక ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు.

ఎందుకు వెళ్లానా అని తిరిగొచ్చాక చాలాసార్లు అనుకున్నాను. ఇందులో మనుషుల పేర్లు మార్చాను. ఆ అమ్మాయి రాయమంటేనే రాస్తున్నాను.

జనగామ

ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె నడుస్తున్న రోజులు. బస్సులన్నీ డిపోల్లో పడుకున్నాయి. షేరు జీపులో మోకాళ్లు గడ్డానికి తగిలేట్టు కూర్చుని జనగామ చేరాను. ఊరి మొదట్లోనే జీపు ఆగిపోయింది. రోడ్డుకడ్డంగా పొయ్యిలు పెట్టి వంటలు చేస్తున్నారు. వంటా వార్పూ అట. రోడ్డు మీదే వండుకుని, రోడ్డు మీదే తిని నిరసన చెప్పడం. మా తెనాలి వైపు రోడ్డు మీద పందిరేశారంటే పెళ్లో చావో అయ్యుంటుంది.

సరోజ నాకోసం దీక్షా శిబిరం దగ్గర నిలబడి ఉంది. అక్కడి కాలేజీలో కాంట్రాక్టు మీద పాఠాలు చెబుతుంది. కాలేజీ మూతపడింది, జీతమూ ఆగింది. సన్నగా, నలిగిన కాటన్ చీరలో, నవ్వడానికి భయపడే మనిషిలా కనిపించింది.

"దారిల పరేషాన్ అయిందా మేడం?" అంది.

"పరేషాన్ కాకేం, నడుం విరిగింది" అన్నాను.

నా యాస విని విస్తర్లు వేస్తున్న ఆవిడ తలెత్తింది. "మీదాంధ్రనా అమ్మా?" అంది. అవునన్నాను, కాస్త బెదురుగానే. సినిమాల్లో వీళ్ల మాటని ఇన్నేళ్లు వెక్కిరించింది మావైపు వాళ్లే కదా, ఇప్పుడు బాకీ తీర్చుకుంటారేమో అనుకున్నాను. "లొల్లి మీతోని కాదు. కూసో, రెండు ముద్దలు తిను" అని విస్తరి వేసింది. వేడన్నం, వంకాయ కూర, పచ్చిపులుసు. పులుసుని కాచకుండా పోసుకోవడం నాకు కొత్త. రెండోసారి అడిగి పోయించుకున్నాను.

శిబిరం పక్కన ఒక కుర్రాడి ఫ్లెక్సీ, దండ వేసి ఉంది. రాష్ట్రం కోసం ప్రాణం తీసుకున్నాడట. మా వృత్తిలో ఉన్న జబ్బు, మొహం కన్నా ముందు వయసు చూస్తాం. చూసి, అన్నం తిన్న చేయి కడుక్కోవడం కూడా మర్చిపోయి నిలబడ్డాను. సరోజ చెంబుతో నీళ్లు తెచ్చి చేతిమీద పోసింది.

మరిపెడ దగ్గర తండా

పుట్టిన తేదీ తెలియనివాళ్ల వయసు కనుక్కోవడానికి మాకో పద్ధతుంది. ఆ ప్రాంతంలో అందరికీ గుర్తుండే సంగతులు వరసగా పెట్టుకుంటాం. కరువు, వరద, ఎన్నికలు, ఊరికి కరెంటొచ్చిన ఏడు. వాటిని పట్టుకుని, అప్పటికి పిల్ల పుట్టిందా, పాకుతోందా, నడుస్తోందా అని తల్లిని అడుగుతూ పోతాం. ఓపిక ఉండాలంతే. సరోజ వాళ్లమ్మ సోమ్లిని అలా అడిగితే తేలిపోతుందని నా ధీమా. సరోజకి నాకన్నా ధీమా.

తొర్రూరు మీదుగా ఆటోలు మారుకుంటూ మరిపెడ చేరాం. అక్కణ్నుంచి తండాకి నడకే. సగం దారిలో నా చెప్పు తెగింది. ఎవరో ముసలాయన తన రబ్బరు చెప్పులిచ్చాడు. అవి నా కాళ్లకి పడవల్లా ఉన్నాయి. తిరుగుదారిలో ఇచ్చెయ్యబోతే తీసుకోలేదు. ఇప్పటికీ మా ఇంట్లోనే ఉన్నాయి.

తండాలో వాళ్లింటికి తాళం. సోమ్లి పత్తి ఏరడానికి కాటారం పోయిందన్నారు. సరోజని చూసి ఆడవాళ్లంతా "చాందీ, చాందీ" అంటూ వాళ్ల భాషలో పలకరిస్తూ మూగారు. ఇంట్లో పిలిచే పేరు చాందీ, బడిలో పేరు సరోజ అని నవ్వుతూ చెప్పింది తను. ఆ ప్రయాణంలో మనసారా నవ్వడం నేను చూసింది అక్కడే. జొన్నరొట్టె, మిరపకారం పెట్టారు. కళ్లల్లో నీళ్లు తిరిగినా ఆపకుండా తిన్నాను.

పక్కింటి ముసలవ్వ ఒకావిడ ఉంది. సరోజ పుట్టినప్పుడు పురుడు పోసింది ఆవిడేనట. తల్లి ఊళ్లో లేకపోతేనేం అని ఆవిడ్నే అడగబోయాను. "అవ్వా, సరోజ పుట్టినప్పుడు..." అన్నానో లేదో ఆవిడ మొహం మూసుకుపోయింది.

"గవన్ని నాకు యాదికి లేవు. దాని యాడినే అడుగుపో" అంది. యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ. అంతవరకూ కబుర్లు చెప్పిన మనిషి లేచి లోపలికి పోయింది. ముసలితనం చాదస్తం అనుకున్నాను. అనుకోకుండా ఉండాల్సింది.

మానుకోట

మహబూబాబాద్‌ని అక్కడివాళ్లు మానుకోట అనే అంటారు. హోటళ్లు మూసేశారు. మా కమిటీలో ఒకాయనకి తెలిసిన మిరపకాయల వ్యాపారి ఇంట్లో దిగాం. బంద్‌లతో మార్కెట్టు పడుకుని ఆయన దిగాలుగా ఉన్నాడు. "రాష్ట్రం రావాలె మేడం, రావాలె గని, గీ బస్తాలు ఎవలు కొనాలె?" అంటాడు. బస్తాల ఘాటుకి నేను తుమ్ముతూనే ఉన్నాను. ఆయన భార్య సకినాలు పెట్టి మాతో కూర్చుంది.

మాటల్లో పిల్లలెందరని అడిగాను. ఇద్దరంది. పెద్దవాడికీ చిన్నదానికీ ఆరేళ్ల ఎడం. నేను తలూపి ఊరుకున్నాను. సరోజ ఊరుకోలేదు. సకినం తుంచుతూ, మొహంలోకి చూడకుండా, "నడుమ శానా ఎడమున్నది గదక్కా, గప్పుడు పుట్టింటికి పోయినవా?" అంది. అంతే. ఆవిడ కొంగుతో పళ్లెం అంచు తుడుస్తూ మొదలుపెట్టింది. నడుమ ఒక పిల్లాడు. మూణ్నెల్ల పసివాడు. దవాఖానకి తీసుకుపోతుంటే ఆటోలోనే పోయాడు. భర్త పక్కగదిలోంచి వచ్చి గుమ్మంలో నిలబడి వింటున్నాడు. ఆ పిల్లాడి పేరు ఆ ఇంట్లో పలికి చాలా ఏళ్లయిందన్నాడు.

ఇదీ సరోజ పేపరు. పోయినవాళ్ల సంగతి అడగకూడదు, ఖాళీ సంగతి అడగాలి. పడుకోబోతూ అడిగాను, ఈ విద్య ఎక్కడ నేర్చావని.

"మొదాలు మా అమ్మనే అడిగిన మేడం. ప్రశ్నలు సరిగ్గున్నయో లేవో చూస్కోనీకి. నాకూ తమ్మునికీ నడుమ పెద్ద ఖాళీ ఏం లేదు. సచ్చిపోయినోళ్లు ఎవలన్న ఉన్నరా అంటే లేరన్నది. అదృష్టం మంచిదనుకున్న" అంది.

భూపాలపల్లి

నర్సంపేట, ములుగు మీదుగా రెండు జీపులు, ఒక బొగ్గులారీ మారి భూపాలపల్లి చేరాం. లారీ క్యాబిన్‌లో కూర్చోవడం నా జీవితంలో మొదటిసారి. నెంబరు ప్లేటు మీద రాష్ట్రం పేరు చెరిపేసి డ్రైవరు తనకి కావలసిన పేరు రాయించుకున్నాడు. దిగేటప్పుడు అడిగితే, "పైనోళ్లు ఇచ్చినప్పుడు ఇస్తరు, మేం రాసుకున్నం" అన్నాడు.

బొగ్గుగనులు కూడా సమ్మెలో ఉన్నాయి. ఊరు మూగబోయినట్టుంది. సరోజ తమ్ముడు అక్కడ గనిలో కాంట్రాక్టు కూలీ. రేకుల గది, గోడకి వేలాడుతున్న హెల్మెట్టు. భార్య కడుపుతో ఉంది. అల్లం టీ పెట్టి ఇచ్చింది, ఉన్న పాలన్నీ మా గ్లాసుల్లోనే పోసినట్టుంది.

"మీ అమ్మకి ఈ వయసులో పత్తి ఏరడం ఎందుకయ్యా?" అన్నాను.

"వద్దంటే ఇంటదా మేడం! మరిపెడ కాడ పత్తి లేదా? గీ ఏడు మోకాళ్లు నొస్తున్నయన్నది, ఇగ పోదనుకున్న. పోయింది. ఏడాదికోపారి కాటారం పోవాలె, గదే రైతు చెల్కల ఏరాలె. ఎందుకంటే చెప్పదు" అన్నాడు.

సరోజ ఆ మాటలు పట్టించుకోలేదు. అవార్డు వస్తే తమ్ముడి భార్యని కాన్పుకి మంచి దవాఖానలో చేర్పిస్తానంటోంది. ఫెలోషిప్ సంగతి తమ్ముడికి మూడోసారి చెబుతోంది. నేనూ ఉత్సాహపరిచాను. నీ ముందున్నవాళ్లెవరూ నీ దరిదాపుల్లో లేరమ్మా, ఈ వయసు ముచ్చటొక్కటి తేలనీ అన్నాను. ఆ మాట అనకుండా ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది.

కాటారం

అప్పట్లో భూపాలపల్లి వరంగల్ జిల్లా, కాటారం కరీంనగర్ జిల్లా. జిల్లా మారింది గానీ అడవి మారలేదు. ఊరు దాటాక వరి కోతకొచ్చి ఉంది. దాని వెనక పత్తి చేలు, ఆ వెనక అడవి. చేను చివర వేపచెట్టు కింద కూలీలు సద్దులు విప్పుతున్నారు. సోమ్లి మమ్మల్ని చూసి, నడుముకి కట్టిన పత్తి ఒడి విప్పకుండానే లేచొచ్చింది. పొట్టి మనిషి. ముంజేతుల మీద పచ్చబొట్లు. కూతురి చెంపలు రెండు చేతులతో నిమిరి, నన్ను చూసి దండం పెట్టింది. ఎందుకొచ్చామో సరోజ చెప్పింది, వయసు తక్కువుందని తేలితే పట్నంలో పెద్ద ఇనాం ఇస్తారని.

నేను నా పద్ధతి మొదలుపెట్టాను.

"అమ్మా, ఎమర్జెన్సీ రోజుల్లో మీ తండాకి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల జీపు వచ్చేదా?"

"రాకేం. జీపు సప్పుడు ఇనబడంగనే మొగోళ్లంత చెల్కలకు ఉరికెటోళ్లు. మా ఆయన మక్కజొన్నల పండుకునేటోడు." నవ్వింది.

"అప్పటికి సరోజ పుట్టిందా?"

"పుట్టకేం. సంకల ఉండె. ఒక్క పిల్లనే గద అని మమ్ముల ఇడిసిపెట్టిండ్రు."

అంటే సర్టిఫికెట్టే నిజం. సరోజ తల దించుకుని గడ్డి పీకుతోంది. నేను అక్కడితో లేచి రావాల్సింది. ఒక్క సంగతితో తేల్చకూడదు, రెండోది కూడా అడగాలి అనేది మా నియమం. అడిగాను.

"మళ్లీ ఓట్లొచ్చి ఆ జీపు ఆగిపోయినప్పుడు? సరోజ నడిచేదా?"

"నడుసుడేంది, ఉరుకుతుండె. గప్పుడే గద చాందీ పుట్టింది."

"చాందీ అంటే ఈ అమ్మాయే కదమ్మా?" అన్నాను.

సోమ్లి చెయ్యి సద్ది మీదే ఆగిపోయింది. కూతురి వైపు చూసింది, నావైపు చూసింది. పక్కనున్న కూలీలు ఒక్కొక్కరే లేచి చేలోకి పోయారు. అప్పుడు చాలా చిన్నగా చెప్పింది.

"గిది సరోజ కాదమ్మా. సరోజ సచ్చిపోయింది."

ఆ తర్వాత ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తాను. పెద్దపిల్ల సరోజని తండా బడిలో వేశారు. ఆ ఎండాకాలం మొగుడూ పెళ్లాం పిల్లల్ని తీసుకుని వెదురు కొట్టడానికి ఈ అడవికొచ్చారు. ఇక్కడే జ్వరం పట్టుకుంది. "గా వాగు దాటితే దవాఖాన. వాగు దాటకముందే పానం పోయింది." ఈ చేను గట్టునే పాతిపెట్టారు. తండాకి తిరిగి వెళ్లాక సారు హాజరు పిలుస్తూ సరోజ ఏదీ అన్నాడు. సంగతి విని తల పట్టుకున్నాడు. అప్పటికే బడిలో పిల్లలు చాలక బడి ఎత్తేస్తామంటున్నారట. ఒక్క పేరు తగ్గినా కష్టమే. "పేరుండనియ్యుండ్రి. గీ చిన్నదాన్ని గా పేరుతోని తోలుండ్రి అన్నడు. తండా పెద్దలు గూడ గదే అన్నరు. ఎవలకు చెప్పొద్దని మా ఆయన ఒట్టేయించుకున్నడు. ఆయన పోయిండు. ఒట్టు నాతోనే ఉండె."

తన క్లాసులో ఎప్పుడూ తనే పొట్టిదని సరోజ దారిలో ఒకసారి చెప్పింది. ఆ మాట నాకు ఇప్పుడు అర్థమైంది. ఎడం తనకీ తమ్ముడికీ మధ్య లేదు. తన ముందుంది. తన ముందు ఒకరుండి ఉంటారని తను ఎన్నడూ అనుకోలేదు, ఎవరనుకుంటారు?

సిగ్గులేని నా బుద్ధి అప్పుడు చేసిన పని చెబుతాను. లెక్క వేసింది. చాందీకి ముప్పై అయిదు నిండలేదు. అర్హురాలే! ఒక్క క్షణం సంతోషం కూడా వేసింది. ఆ తర్వాతే ఆ లెక్క ఎవరి చావు మీద వేశానో తట్టింది.

సరోజ లేచి కాస్త దూరం నడిచింది. నేను వెనకే వెళ్లాను.

"మీరు రాసిస్తే ఏమైతది మేడం?" అంది, వెనక్కి తిరక్కుండా.

"అవార్డు వస్తుంది. ఆ వెనకే, మరి పదో తరగతి నుంచీ ఈ సర్టిఫికెట్లు ఎవరివని ఎవరో ఒకరు అడుగుతారు."

"అవి మా అక్కవి."

తను అప్పుడు నావైపు తిరిగింది.

"రాయకుంటే?"

"వయసు దాటింది. నీకిదే ఆఖరి అవకాశం కూడా."

"దాటిందనే చెప్పుండ్రి." తల్లి వైపు చూసింది. "ఊరూరు తిరిగి ఎంతమంది తల్లులను ఏడిపిచ్చిన మేడం. ఖాళీ ఏడున్నదో పట్టుకుంట అని మురిసిన. మా అమ్మ ముంగట కూసోని, లేరు అంటే, మంచిది అని రాసుకున్న."

ఆ అమ్మాయిని దగ్గరికి తీసుకోవాలనిపించింది. తీసుకున్నాను. బక్కపలచటి భుజాలు. నాకన్నా పొడుగే, అయినా చిన్నపిల్లలా ఆనుకుంది. మా వృత్తి మీద, మా నిబంధనల మీద, నా రెండో ప్రశ్న మీద నాకు పట్టరానంత కోపం వచ్చింది.

గట్టెక్కితే సిగ్నల్ దొరికింది. మా కార్యదర్శికి ఫోను చేశాను. తల్లిని విచారించాను, సర్టిఫికెట్‌లో సరోజ వయసు సరిగ్గానే ఉందన్నాను. అబద్ధం కాదది. "అయ్యో, అనవసరంగా అంత దూరం తిరిగారే" అన్నాడాయన. తర్వాతి పేపరు వాళ్లకి కబురు పంపిస్తామని పెట్టేశాడు. సరోజ పక్కనే నిలబడి విని తల ఊపింది.

మేం తిరిగొచ్చేసరికి సోమ్లి చేను గట్టు పక్క సాలులో పత్తి ఏరుతోంది. ఆ సాలు ఏటా తనే ఏరుతుందట, ఇంకొకరిని దిగనివ్వదు. గట్టు మీద గుర్తేమీ లేదు. ఇన్నేళ్ల నాగళ్లకి చదునైపోయింది. సరోజ పక్క సాలులో దిగి ఏరడం మొదలుపెట్టింది. నేను ముసలాయన చెప్పులతో గట్టు మీద నిలబడ్డాను. తొక్కకూడని చోట తొక్కుతున్నానేమోనని రెండుసార్లు జరిగాను.

కాసేపటికి సోమ్లి నావైపు తిరిగింది. "ఇనాం రాదా అమ్మా?"

"రాదమ్మా. ఇప్పుడే చెప్పేశాను."

ఆవిడ మరో రెండు కాయలు ఏరింది. "ఇచ్చేటప్పుడు పేరు సదువుతరా?"

"చదువుతారు. మైకులో, అందరి ముందూ."

"ఏం పేరని?"

"గుగులోతు సరోజ అని."

చచ్చిపోయిన బిడ్డ సంగతంతా పొడికళ్లతో చెప్పిన మనిషి, ఏరిన పత్తిని ఒడిలో అదిమి పట్టుకుని అక్కడే సాలులో కూలబడింది. సరోజ పరుగున వచ్చి పట్టుకుంది. ఆవిడ కూతుర్ని చూడలేదు, నన్నే చూస్తూ ఏడ్చింది.

"నా పెద్దబిడ్డ పేరు పట్నంల గంత మందిల సదివేటోళ్లా?"

"చదివేవాళ్లమ్మా" అన్నాను.